వారానికో ఫోను, రోజుకో ఎత్తు

మా అన్నయ్యకు స్కిజోఫ్రేనియా, లేని గొంతులు వినిపించే, లేనివి నమ్మించే మానసిక జబ్బు. చదువు ముగిసే వయసులో మొదలైంది, ఇప్పుడు తనకు యాభై దాటాయి. ఈ సంగతి తెలిసినవాళ్ళు నన్ను మొదట అడిగేది మందులు వాడుతున్నాడా అని. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "నువ్వింకా తనతో మాట్లాడుతూనే ఉన్నావా?" అంటారు. అడిగేవాళ్ళలో చాలామందికి తమ బంధువుల్లోనూ ఇలాంటి మనిషి ఒకరున్నారని నాకు తర్వాత తెలుస్తుంది. ఎప్పుడో ఒక గొడవ దగ్గర రాకపోకలు ఆగిపోయాయి, ఆ తర్వాత ఎవరూ కదపలేదు. వాళ్ళ నొప్పి ఆ ప్రశ్నలో వినపడుతుంది.

మాట్లాడుతూనే ఉన్నాను. వారానికోసారి ఫోను చేస్తాను, ఎప్పుడూ అదే రోజు, అదే వేళకు. పది నిమిషాలు దాటనివ్వను. నెలకోసారి వెళ్ళి కలుస్తాను. ఇవి కాక రోజుకో చదరంగం ఎత్తు. ఒకరోజు తను మెసేజ్ పెడతాడు, మర్నాడు నేను. ఇంతే మా సంబంధం. ఇది ఇంత చిన్నది కాబట్టే ఇన్నేళ్ళు నిలిచిందని నా గట్టి నమ్మకం. తీవ్రమైన మానసిక జబ్బు వచ్చిన మనిషి విషయంలో కుటుంబానికి రెండే దారులున్నాయనుకుంటాం. కళ్ళలో వత్తులు వేసుకుని ఇరవై నాలుగు గంటలూ కాపలా కాయడం ఒకటి, ఇక మావల్ల కాదని పూర్తిగా తప్పుకోవడం ఇంకొకటి. మొదటిది చేసి చేసి అలసిపోయినవాళ్ళే ఎక్కువగా రెండోదానికి వస్తారు. ఈ రెండింటి మధ్య మనిషి నిలబడగలిగినంత చోటు ఉంది. దాని గురించి రాద్దామని కూర్చున్నాను.

అమ్మానాన్నలతో ఉన్నన్నాళ్ళూ అన్నయ్యకు జబ్బు తిరగబెడుతూనే ఉండేది. ప్రేమ లేక కాదు. ఆ ఇంట్లో ప్రేమ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అమ్మ తన గది తలుపు దగ్గరే పడుకునేది. నాన్న రోజూ పొద్దున్నే "లేచి స్నానం చెయ్యి, మనిషిలా ఉండు" అని పిలుస్తూ, తొమ్మిదయ్యేసరికి అరుస్తూ, పదయ్యేసరికి ఏడుస్తూ ఉండేవాడు. తర్వాత ఒక డాక్టరు సలహా మీద అన్నయ్య విడిగా, నలుగురైదుగురు కలిసి ఉండే ఇంటికి మారాడు. అక్కడ రోజూ ఒక కార్యకర్త వచ్చి చూసి వెళ్తాడు. ఊళ్ళో బంధువులంతా మమ్మల్ని తిట్టారు. కన్నకొడుకుని బయట పెట్టేశారన్నారు. కానీ ఆ మార్పు తర్వాత అన్నయ్య ఆసుపత్రిలో చేరడం బాగా తగ్గింది, అమ్మతో నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇది ఎందుకు జరిగిందో నాకు చదివాకే అర్థమైంది. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు, మానసిక ఆసుపత్రుల నుంచి డిశ్చార్జ్ అయిన మగవాళ్ళు ఆ తర్వాత ఎలా ఉన్నారో చూశారు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో చేరినవాళ్ళే బాగుంటారని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే, ఎక్కువగా తిరిగి ఆసుపత్రి పాలైంది వాళ్ళే. అద్దె గదుల్లో ఉన్నవాళ్ళు, అన్నదమ్ముల దగ్గరో అక్కచెల్లెళ్ళ దగ్గరో ఉన్నవాళ్ళు అంతకంటే నిలకడగా ఉన్నారు. చెల్లెలిగా ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

బ్రౌన్ అక్కడితో ఆగలేదు. ఇంట్లోవాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడి, ఆ మాటలు రికార్డు చేసి, అందులో విసుగు ఎంత, కోపం ఎంత, మితిమీరిన ఆరాటం ఎంత అని కొలిచే పద్ధతి ఒకటి తయారైంది. ఏం మాట్లాడారన్నదే కాదు, ఏ గొంతుతో మాట్లాడారన్నది కూడా లెక్కే. వీటన్నిటినీ కలిపి ఇంట్లో వేడి అందాం. అది ఎక్కువగా ఉన్న ఇళ్ళనూ, తక్కువగా ఉన్న ఇళ్ళనూ పోలుస్తూ 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ ఒక పత్రం ప్రచురించారు. ఇదే పద్ధతిలో బ్రౌన్ బృందం అంతకుముందు చేసిన అధ్యయనంతో కలిపి మొత్తం 128 మంది రోగులు. డిశ్చార్జ్ అయిన తొమ్మిది నెలల్లో వేడి ఎక్కువున్న ఇళ్ళలో 51 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, తక్కువున్న ఇళ్ళలో 13 శాతం మందికి. నన్ను ఇంకా కదిలించింది మరో అంకె. ఆ వేడి ఇళ్ళలోనే, ఇంట్లోవాళ్ళతో వారానికి 35 గంటలకంటే ఎక్కువ ముఖాముఖి గడిపినవాళ్ళలో 69 శాతానికి తిరగబెడితే, అంతకంటే తక్కువ గడిపినవాళ్ళలో 28 శాతానికే తిరగబెట్టింది. వేడి తక్కువున్న ఇళ్ళలో ఎన్ని గంటలు కలిసున్నా పెద్ద తేడా లేదు.

ఈ అంకెలు చూసి "అయితే తప్పు ఇంట్లోవాళ్ళదే" అనేవాళ్ళుంటారు. ఆ మాట మా అమ్మ విన్నది, అదీ ఒక డాక్టరు నోట. దానికి ఒక చరిత్ర ఉంది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మనోవిశ్లేషకురాలు స్కిజోఫ్రేనియాను పుట్టించే తల్లి అనే భావన గురించి రాసింది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు ఎందరో తల్లులు కొడుకు జబ్బుతో పాటు ఆ నింద కూడా మోశారు. అది నిలబడలేదు. పెంపకం వల్ల ఈ జబ్బు రాదు. వంశపారంపర్యం, మెదడు ఎదుగుదలలో తేడాలు, ఇంకా ఎన్నో కలిసి వస్తుంది. ఇంట్లో వేడి కూడా చాలాసార్లు జబ్బుని చూసి పుట్టిందే, జబ్బుని పుట్టించింది కాదు. ఇలాంటి రోగులతో ఏళ్ళ తరబడి పనిచేసే సిబ్బందిలోనూ అదే విసుగు, అదే గొంతు కనిపించాయని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అంటే అది మా అమ్మ గుణం కాదు, ఆ పరిస్థితి ఎవరి దగ్గరైనా రాబట్టేదే. ఈ సంగతి అమ్మకి నేను పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. "మరి ఆయన అలా ఎందుకన్నాడే?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ ఆ డాక్టరు మీద నాకు కోపమే.

విమర్శ ఎక్కువున్న ఇళ్ళలో ఆ విమర్శ దేనిమీదో కూడా గమనించారు. గొంతులు వినపడటం మీదా, భ్రమల మీదా కాదు. వాటిని జబ్బుగానే గుర్తిస్తారు. ఎక్కువ తిట్లు పడేది మధ్యాహ్నం దాకా లేవకపోవడం, స్నానం చెయ్యకపోవడం, పిలిస్తే పలకకపోవడం, ఏ పనీ మొదలుపెట్టకపోవడం వీటి మీద. ఇవి కూడా జబ్బే. భ్రమలు మందులకు కొంత లొంగుతాయి, ఈ నిస్తేజం అంత తేలిగ్గా లొంగదు. చూసేవాళ్ళకు మాత్రం ఇది బద్ధకంలా, పొగరులా, ప్రేమ లేకపోవడంలా కనిపిస్తుంది. నాన్న పొద్దుటి అరుపులన్నీ దీని మీదే.

ఫోనులో నాకు ఎదురయ్యేది కూడా ఇదే. అన్నయ్య గొంతులో ఎత్తుపల్లాలు ఉండవు. "ఎలా ఉన్నావు?" అంటే "బాగున్నా." "ఏం చేస్తున్నావు?" అంటే "ఏం లేదు." తర్వాత మౌనం. ఇది నామీద ఆసక్తి లేకపోవడం అనుకుంటే ఆ ఫోను కాల్ నాలుగు వారాలు కూడా సాగదు. అందుకని నేను ప్రశ్నలు తగ్గించాను. జబ్బు మనిషిని అందరూ ప్రశ్నలే అడుగుతారు. తిన్నావా, పడుకున్నావా, మందు వేసుకున్నావా, గొంతులు వస్తున్నాయా అని. నేను నా సంగతులు చెబుతాను. ఆఫీసులో లిఫ్ట్ ఆగిపోయింది, పక్కింటివాళ్ళ పిల్లి మా మెట్ల మీద పిల్లల్ని పెట్టింది, అలాంటివి. తను వింటాడు. ఎప్పుడో మూడు వారాలకు, "ఆ పిల్లి పిల్లలు కళ్ళు తెరిచాయా?" అని అడుగుతాడు. అన్నీ లోపలికి వెళ్తున్నాయని అప్పుడు తెలుస్తుంది.

చదరంగం ఇందుకే కుదిరింది. ఒక ఎత్తు వేయడానికి మాటలు అక్కర్లేదు, ముఖంలో భావాలు అక్కర్లేదు, ఎలా ఉన్నావనే ప్రశ్నే రాదు. చిన్నప్పుడు నాకు నేర్పింది తనే. ఇప్పటికీ ఎక్కువసార్లు తనే గెలుస్తాడు. వార్డులో ఉన్నప్పుడు ఆట ఆగుతుంది. నేను ఎత్తు పంపి ఊరుకుంటాను, జవాబు ఎప్పుడొస్తే అప్పుడే. మీ ఇంట్లో అది పేకాట కావచ్చు, పజిల్ కావచ్చు, కలిసి ఒక పాత పాట వినడం కావచ్చు. ఇద్దరి చూపూ ఒకరి మీద ఒకరికి కాకుండా మూడో వస్తువు మీద ఉండాలి. అంతే కావలసింది.

కలవడానికి వెళ్ళినప్పుడు మొదట్లో నన్ను ఇబ్బంది పెట్టింది తన నడక. కూర్చునేవాడు, ఒక నిమిషంలో లేచేవాడు, గది ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్ళీ కూర్చోవడం. నేను రావడం ఇష్టం లేదేమో అనిపించేది. అది మందు వల్ల అని ఒక నర్సు చెప్పింది. ఈ జబ్బుకి వాడే యాంటీసైకోటిక్ మందుల వల్ల కొందరికి కాళ్ళలో, ఒంట్లో భరించలేని కుదురులేనితనం వస్తుంది. దానికి అకతీసియా అని పేరు. డోస్ మార్చో మందు మార్చో తగ్గించవచ్చు, కానీ ఎవరో ఒకరు డాక్టరుకి చెప్పాలి కదా. అన్నయ్య చెప్పలేదు, మేము అది కంగారు అనుకున్నాం. ఈ బాధ తట్టుకోలేక మందులు మానేసేవాళ్ళు ఎంతమందో. తగ్గాక కూడా మేము నడుస్తూనే మాట్లాడుకోవడం అలవాటైంది. పక్కపక్కన నడుస్తుంటే కళ్ళలోకి చూడాల్సిన పని ఉండదు, ఆగిన మాట ఇబ్బందిగా ఉండదు.

ఇక భ్రమల సంగతి. పైఅంతస్తులో ఉన్నవాళ్ళు తన ఆలోచనలు రికార్డు చేస్తున్నారని అన్నయ్యకు ఏళ్ళుగా ఒక నమ్మకం. నాన్న దీన్ని వాదించి గెలవాలని చూసేవాడు. మేడమీదికి తీసుకెళ్ళి ఖాళీ గది చూపించాడు. "నువ్వొస్తున్నావని తెలిసి సర్దేశారు" అన్నాడు అన్నయ్య. గట్టి రుజువు చూపిస్తే నమ్మకం పోతుందనుకుంటే ఈ జబ్బు మనకు అర్థం కానట్టే. తనకు జబ్బు ఉందని తనకే తెలియకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. అది మొండితనం కాదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరు చెయ్యి కదలకపోయినా కదులుతోందనే అంటారు. జోసెఫ్ బాబిన్‌స్కీ అనే నరాల వైద్యుడు 1914లో దానికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టాడు. స్కిజోఫ్రేనియాలో కనిపించేదానికి కూడా చాలామంది ఆ పేరే వాడుతున్నారు.

అలాగని అవునవును రికార్డు చేస్తున్నారని ఒప్పుకోను. అది అబద్ధం, పైగా తన భయాన్ని పెంచుతుంది. గ్జేవియర్ అమెడార్ అనే మనస్తత్వవేత్త సొంత అన్నకు ఈ జబ్బు ఉండేది. ఆ అనుభవం నుంచి ఆయన కుటుంబాలకు నేర్పిన పద్ధతి క్లుప్తంగా ఇది: ముందు విను, ఆ మనిషి పడుతున్న బాధతో నిలబడు, ఇద్దరూ ఒప్పుకోగల విషయం ఏదో వెతుకు, దాని మీద కలిసి పనిచెయ్యి. చదవడానికి తేలిక. చెయ్యడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇప్పుడు మా సంభాషణ ఇలా ఉంటుంది.

"రాత్రి మళ్ళీ మొదలుపెట్టారు."

"నిద్ర పట్టలేదా అన్నయ్యా?"

"ఎలా పడుతుంది? తల లోపలికి వస్తుంటే."

"చాలా కష్టంగా ఉండుంటుంది. నాకైతే పిచ్చి కోపం వచ్చేది."

"నువ్వు నమ్మవులే."

"వాళ్ళు రికార్డు చేస్తున్నారని నాకు అనిపించడం లేదు. నీకు రాత్రంతా నిద్ర లేదన్నది మాత్రం నమ్ముతున్నాను. దానికేం చేద్దాం?"

ఆ చివరి మాట దగ్గర తను చాలాసార్లు కొంచెం మెత్తబడతాడు. నిద్రకు ఏదైనా ఇమ్మని డాక్టరుని అడగడానికి ఒప్పుకుంటాడు. పైఅంతస్తువాళ్ళ గురించి మేము ఏకాభిప్రాయానికి రాలేదు, వస్తామన్న ఆశ కూడా నాకు లేదు. అది పక్కన పెట్టి కూడా ఇద్దరు మనుషులు చాలా మాట్లాడుకోవచ్చు.

వార్డుకి వెళ్ళడం గురించి ఒక్కమాట. మొదటి రోజుల్లో వెళ్తే మనిషి కోపంగా ఉండొచ్చు, చూడనంటూ తల తిప్పుకోవచ్చు, మందుల మత్తులో గుర్తుపట్టనట్టు ఉండొచ్చు. అయినా వెళ్ళండి, కాసేపు ఉండి వచ్చేయండి. "నువ్వే నన్ను ఇక్కడ పెట్టించావు" అంటే వాదించకండి. "నాకు భయమేసింది, అందుకే చేర్పించాను. మళ్ళీ వస్తాను" అని చెప్పి, చెప్పిన రోజున వెళ్ళండి. రాలేకపోతే ముందే కబురు చెప్పండి. లోపల నమ్మదగినదేదీ కనపడని మనిషికి, అన్న వేళకు వచ్చే మనిషి ఒకరు ఉండటం ఎంతో పెద్ద విషయం.

ఎప్పుడు వెళ్ళకూడదో కూడా చెప్పాలి. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో అత్యధికులు ఎవరినీ కొట్టరు. వాళ్ళే ఇతరుల చేతిలో దెబ్బలు తినే అవకాశం ఎక్కువ. కానీ ఇంట్లో ఎవరి మీదైనా చెయ్యి పడుతుంటే, బెదిరింపులు వస్తుంటే, ప్రేమ పేరుతో భరించమని నేను ఎవరికీ చెప్పను. అన్నయ్య ఒకసారి నన్ను చంపుతానని రోజుల తరబడి మెసేజ్‌లు పెట్టాడు. నేను వైద్య బృందానికి చెప్పాను, ఫోన్లు ఆపాను, కలవడం ఆపాను, ఒక పోస్టుకార్డు రాసి పంపాను: "ఇప్పుడు రాలేను, నాకు భయంగా ఉంది. నువ్వు కోలుకున్నాక వస్తాను." తను కోలుకున్నాక వెళ్ళాను. తెంచేయడానికీ ఆపి ఉంచడానికీ మధ్య తేడా ఆ కార్డులో ఉన్న రెండు ముక్కలే. దూరం పెట్టాల్సి వస్తే ఎందుకో, ఎప్పటిదాకానో చెప్పి పెట్టండి. పూర్తిగా తెంచుకున్నవాళ్ళను కూడా నేను తప్పుపట్టను. కొన్ని ఇళ్ళలో ఏం జరిగిందో బయటివాళ్ళకు తెలియదు.

చనిపోవాలని ఉందా అని అడగడానికి ఇంట్లోవాళ్ళు భయపడతారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా పుట్టదు. ఈ జబ్బులో ఆత్మహత్య ముప్పు మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. ఆసుపత్రి నుంచి వచ్చిన తొలి వారాలు ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. నేను సూటిగా అడుగుతాను. ఒకసారి "ఉంది" అన్నాడు. ఆ రోజు పది నిమిషాల నియమం లేదు. డాక్టరు ఫోను ఎత్తేదాకా లైనులోనే ఉన్నాను.

డాక్టర్లతో వ్యవహారం మరో పెద్ద అధ్యాయం. "రోగి అనుమతి లేనిదే మీకేమీ చెప్పలేం" అని మనల్ని తిప్పి పంపేస్తారు. చెప్పకూడదన్నది నిజం, ఆ గోప్యత అన్నయ్య హక్కు, నేను దాన్ని గౌరవిస్తాను. కానీ చెప్పకూడదన్నది వినకూడదని కాదు. మనం చూసినవి చెప్పే స్వేచ్ఛ మనకుంది, వాళ్ళు వినొచ్చు. అందుకని నేను ఒక కాగితం మీద తేదీలతో రాసి ఇస్తాను. ఏ రోజు నుంచి నిద్ర లేదు, ఏ మందు ఎప్పుడు మానేశాడు, ఏం మాటలన్నాడు. ఏడుస్తూ చెప్పే పది నిమిషాల కంటే ఆ ఒక్క పేజీని వాళ్ళు శ్రద్ధగా చూస్తారు. అన్నయ్యకు తెలియకుండా మాత్రం ఇవ్వను. "నీ నిద్ర గురించి డాక్టరుకి చెప్పబోతున్నా" అని ముందే అంటాను. కోప్పడతాడు. వెనక నుంచి చేశానన్న అనుమానం కంటే ఆ కోపం నయం.

కుటుంబాలకు శిక్షణ, కలిసి కూర్చుని మాట్లాడుకునే సెషన్లు ఉన్నాయని చాలామందికి తెలియదు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, రోగితో కలిసి ఉంటున్న లేదా దగ్గరగా మసలుతున్న కుటుంబాలకు మూడు నెలల నుంచి ఏడాది లోపు కనీసం 10 సెషన్లు ఇవ్వాలని సిఫారసు చేస్తుంది. జబ్బు గురించి తెలుసుకోవడం, చిన్న సమస్యల్ని ఒక్కొక్కటిగా పరిష్కరించుకోవడం, ఒకరి మాట ఒకరు పూర్తిగా వినడం. అందులో మంత్రమేమీ లేదు, అయినా జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని తేలింది. ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి. మా ఇంట్లో నాన్న అలాంటి బృందానికి వెళ్ళాడు, మొదట ఇష్టం లేకుండానే. అక్కడ ఇంకో తండ్రి తన కొడుకు గురించి చెబుతుంటే, తను పొద్దున్నే అరిచే మాటలు ఆయన నోటినుంచి విన్నాడు. ఆ తర్వాత నాన్న పొద్దుటిపూట అన్నయ్యకు ఫోను చేయడం మానేసి సాయంత్రాలకు మార్చుకున్నాడు. అరుపులు తగ్గాయి. చివరి ఏళ్ళలో వాళ్ళిద్దరి మధ్య ఉన్న మర్యాద చూసి నాకు ఎంతో తృప్తిగా ఉండేది.

తోబుట్టువులకు మరో బరువు ఉంటుంది, అది ఎవరూ అడగరు. అన్నకో అక్కకో ఈ జబ్బు ఉంటే మనకు వచ్చే అవకాశం సుమారు 9 శాతం అని పుస్తకాలు చెబుతాయి. మామూలు జనంలో ఒక శాతం లోపే. ఇరవైల్లో ఉన్నన్నాళ్ళూ నిద్ర పట్టని ప్రతి రాత్రీ నేను నా బుర్రను అనుమానించాను. తొంభై ఒక్క శాతం రాదనే కదా అని ఇప్పుడు చెప్పుకోగలను, అప్పుడు చెప్పినవాళ్ళు లేరు. పిల్లలకు చెప్పడం కూడా ఇందుకే ముఖ్యం. మా అబ్బాయికి ఆరేళ్ళప్పుడే చెప్పాను: "మామయ్య మెదడుకి ఒక జబ్బు ఉంది. దానివల్ల లేని మాటలు వినపడతాయి. అది అంటుకోదు, నీవల్ల రాలేదు." దాచి ఉంచితే వాడు ఇంకా భయంకరమైనది ఊహించుకునేవాడు.

ఒంటి ఆరోగ్యం మర్చిపోకూడదు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే ఏళ్ళ ముందే చనిపోతున్నారు, అందులో ఎక్కువమంది గుండెజబ్బులూ మధుమేహం లాంటి మామూలు జబ్బులతోనే. ఛాతీ నొప్పి అంటే కూడా "అది మీ జబ్బు వల్లేలే" అని తోసేసే చోట్లున్నాయి. వెంట ఒక మనిషి వెళ్తే అలా తోసేయడం కష్టం. నెలకోసారి నేను వెళ్ళేదాంట్లో సగం పన్ను డాక్టరు, కళ్ళ డాక్టరు, రక్తపరీక్షలే. అన్నయ్య వాడే క్లోజపిన్ అనే మందుకి ఎలాగూ క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించాలి, తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి. ఆ క్యూలో కూర్చున్నప్పుడే మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకున్నాం.

బెల్జియంలో ఖీల్ అనే పట్టణం ఉంది. మధ్యయుగాల నుంచి అక్కడి కుటుంబాలు మానసిక జబ్బు ఉన్నవాళ్ళను తమ ఇళ్ళలో ఉంచుకుంటున్నాయి. 1930లలో అలాంటివాళ్ళు మూడు వేలకు పైగా ఉండేవాళ్ళు. ఇప్పుడు బాగా తగ్గినా ఆ పద్ధతి ఇంకా ఉంది, వెనక వైద్య బృందం ఉంటుంది. ఆ కుటుంబాలకు అతిథి జబ్బు పేరు చెప్పని ఆనవాయితీ ఉండేది. మనిషి అలవాట్లు ఏమిటి, ఏది నచ్చదు, ఏం చేస్తే కుదుటపడతాడు, ఇవి చాలు వాళ్ళకి. నయం చేసే బాధ్యత తమది కాదని తెలిసినవాళ్ళు కాబట్టి అంత ప్రశాంతంగా ఉండగలిగారని నాకనిపిస్తుంది. రక్తసంబంధీకులం ఆ స్థితికి చేరడానికి చాలా దుఃఖం దాటాలి. ఒకప్పటి అన్నయ్య తిరిగి వస్తాడన్న ఎదురుచూపు ఒక్కసారిగా పోదు. ఉన్న అన్నయ్యతో ఆడే ఆట మీద మనసు పెట్టిన రోజుల్లో మాత్రం అది గుర్తుకు రాదు.

పోయినేడాది తను బాగున్న సమయంలో ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం, మళ్ళీ బాగోకపోతే ఏం చెయ్యాలో. మాటలు తనవే, నేను రాసిపెట్టాను. మొదటి సూచనలు: రెండు రాత్రులు నిద్ర లేకపోవడం, ఫోను బీరువాలో పెట్టేయడం, నా ఎత్తు కోసం ఆగకుండా వరసగా నాలుగైదు ఎత్తులు పంపడం. అప్పుడు నేను చెయ్యాల్సినవి: కార్యకర్తకు చెప్పడం, బ్యాంకు కార్డు తీసుకుని దాచడం, ఫలానా ఆసుపత్రికే తీసుకెళ్ళడం. చెయ్యకూడనివి: బాబాయిని వెంట తేవడం, మందుల డబ్బా లెక్కపెట్టడం, అమ్మ ఎదుట మాట్లాడటం. ఆట ఆపొద్దని కూడా రాయించాడు.

వచ్చే నెల డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం, ఈ కాగితం నకలు ఒకటి తన ఫైల్లో పెట్టించాలి. నేను ఊళ్ళో లేనప్పుడు ఎవరికి ఫోను చెయ్యాలన్న చోట ఖాళీ ఉంది. మా అబ్బాయి ఇప్పుడు పెద్దవాడే, తన నంబరు ఇమ్మంటున్నాడు. అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు, "వాడు చిన్నపిల్లాడు" అంటాడు. ముందు వాళ్ళిద్దరూ ఒక ఆట మొదలుపెడతారట, తర్వాత చూద్దామన్నాడు.